తవిటమ్మ రెండో ఆల్బం, ఈ ఏటి ఆఖరి మడి

ఈ ప్రయాణానికి కారణం నా నోటి దురుసు. పోయిన ఏడాది ఇదే బ్లాగులో ఒక జానపద గాయని మొదటి ఆల్బం గురించి రాస్తూ, గొంతు మేలిమి బంగారం గానీ పాటలు మాత్రం ఆఖరి పంక్తికి వడ్డించిన సాంబారులా పలచగా ఉన్నాయని తేల్చేశాను. రాశాను, మరచిపోయాను. ఈ వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోను మోగింది. "నానండీ, తవిటమ్మని. మీరు రాసినాది సదివినాను" అంది అవతలి గొంతు. ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి పాలసీదారుల తిట్లు అలవాటే, పాటగత్తెల తిట్లు ఇంకా తినలేదు. ఆమె తిట్టలేదు. "మా అత్త కూడా అలగే అన్నాదండి. మీరు సాంబారన్నారు, ఆవిడ గంజన్నాది, అంతే తేడా" అని పకపకా నవ్వింది. "రెండోది సేస్తన్నాను. ఏడు పాటల్లో ఆరు అయిపోనాయి. ఒక్కటే మిగిలినాది. అది సేలోనే అవ్వాల. వొచ్చి సూడండి, అప్పుడు తిట్టుకుందురు గానీ." తిట్టిన మనిషినే ఇంటికి పిలిచేవాళ్ళను కాదనడం నాకు చేతకాదు. శనివారానికి సెలవు పెట్టేశాను.

తవిటమ్మను ఎరగనివాళ్ళ కోసం నాలుగు మాటలు. వయసు ముప్పై రెండు. ఆమదాలవలస దగ్గర పల్లెలో వరి పండించే ఇంట్లో పుట్టింది. పాట తనే రాస్తుంది, తనే బాణీ కడుతుంది, తనే పాడుతుంది. ఆమె పేరు చూసి గుంటూరు వైపు మా బంధువులు నవ్వారు గానీ ఆ పేరు వెనక కథ ఉంది. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పొరుగువాళ్ళ చేతిలో పెట్టేసి, చేటెడు తవుడిచ్చి తిరిగి తెచ్చుకుంటారు. అలా దక్కిన పిల్ల తవిటమ్మ. మొదటి ఆల్బం తీసినవాళ్ళకు ఆ పేరు నచ్చక అట్ట మీద 'తన్వి' అని వేశారు. అది చూసి వాళ్ళ మేనత్త పారమ్మ, "ఎవులే ఈ తన్వి? మనింటికొచ్చి మన పాట పాడతన్నాది?" అని అడిగిందట. ఈసారి అట్ట మీద అసలు పేరే ఉంటుందని తవిటమ్మ ముందే చెప్పింది.

విశాఖపట్నం నుంచి పలాస వైపు వెళ్ళే పొద్దుటి ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు ముప్పై అయిదు రూపాయలు. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు చూసుకోండి. నేను వెళ్ళిన రోజు ఆరు దాటాక కదిలింది. విజయనగరంలో సగం పెట్టె ఖాళీ అయి మళ్ళీ నిండింది. కిటికీ పక్క సీటు కావాలంటే అక్కడే దొరకబుచ్చుకోవాలి. తర్వాతి స్టేషను నెల్లిమర్లలో రెండు గోనెసంచులు మోసుకుంటూ ఒక యాభై ఏళ్ళ మనిషి ఎక్కి, పెట్టె అంతా కలయజూసి, నా చేతిలోని పుస్తకం చూసి తిన్నగా నా ఎదురుగా కూర్చున్నాడు. దారిలో ఎక్కి కలుస్తాడని, గుర్తుకు చేతిలో పుస్తకం పట్టుకోమని తవిటమ్మ ఫోనులో చెప్పిన సత్తిబాబు ఆయనే. నెల్లిమర్లలో మైకుసెట్ల కొట్టు. పెళ్ళిళ్ళు, తీర్థాలు ఆయన రాజ్యం. రెండో ఆల్బం మొత్తం రికార్డు చేస్తున్నది ఈయనే అని తెలిశాక నాకు కొంచెం అనుమానం వచ్చిన మాట నిజం.

"మైకులు గోనెసంచిలోనా?" అన్నాను, ఉండబట్టలేక.

"జూటుమిల్లు ఊర్లో పుట్టినోణ్ణి మేడం. నాకు గోనె కన్నా మెత్తటి పరుపు ఉంటాదేటండి" అన్నాడు సత్తిబాబు, సంచిని పసిబిడ్డలా ఒళ్ళో సర్దుకుంటూ. తర్వాత గంటన్నర ఆయన చెప్పిన కబుర్లతో పొందూరు ఎప్పుడు దాటిందో తెలియలేదు. అక్కడి ఖద్దరు చూడాలని దిగేవాళ్ళు దిగొచ్చు, నేను ఇంకోసారి దిగుతాను. ఆరు పాటల్లో రెండింటిని గజపతినగరంలో ఒక వ్యాపారి ధాన్యం గిడ్డంగిలో రికార్డు చేశారట. చుట్టూ బస్తాలుంటే గొంతు గోడకు కొట్టుకుని తిరిగి రాదు, స్టూడియో ఖర్చు లేదు. షావుకారు సంత లేని రోజు తాళాలిచ్చి, తాను కూడా ఒక బస్తా మీద కూర్చుని, పాట మధ్యలో దగ్గు వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకుని ఆపుకున్నాడట. "అలాంటోలు దొరికినారు కాబట్టి అయింది. కానీ ఇయ్యాల్టి పనే గట్టిది" అని సత్తిబాబు గొంతు తగ్గించాడు. "ఉభాల పాట. పారమ్మ జట్టు కోరస్ ఇయ్యాల. ఆల్లు ఇయ్యకపోతే ఆల్బం బయటికి తేనని ఈ తవిటమ్మ గుంట పంతం పట్టినాది. ఆల్లకి ఇయ్యాలతో నాట్లు ఆఖరు. తప్పితే మల్లొచ్చే యేడే."

ఉభాలు అంటే ఇక్కడ వరి నాట్లు. పంతం ఎందుకో కూడా ఆయనే చెప్పాడు. మొదటి ఆల్బంలోనూ ఒక నాట్ల పాట ఉంది. స్టేజీల మీద దానికి ఈలలు పడ్డాయి. కానీ తవిటమ్మ దాన్ని పొలం దగ్గర పాడితే, నాట్లు వేస్తున్న జట్టు రెండు చరణాలు కూడా సాగలేక ఆపేసింది. "పాట బాగున్నాదే. సెయ్యి ఆడదు" అని పారమ్మ తీర్పు చెప్పేసింది. ఆ ఒక్క మాట ఈ అమ్మాయిని ఏడాదిగా తినేస్తోంది. తన పాట తన ఊరి చేతులకు పనికిరాకపోతే ఇక ఎవరికి పాడాలి అని ఆమె బాధ.

తొమ్మిది దాటుతుండగా ఆమదాలవలసలో దిగాం. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, కంగారు పడకండి, అదే ఇది. బయట బియ్యం కొట్ల వరసలో ఒక చిన్న హోటల్లో నలభై రూపాయలకు నాలుగు ఇడ్లీలు, ఇష్టమైనంత అల్లం చట్నీ. రెండోసారి చట్నీ అడిగితే వంటాయన గరిట కాదు, గిన్నే తెచ్చి ముందు పెట్టాడు. అక్కడి నుంచి సరుబుజ్జిలి వైపు షేరు ఆటోలో మనిషికి ముప్పై. మాకు సామాను ఉంది కాబట్టి రెండువందల యాభైకి మొత్తం ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూస్తూనే ఉన్నాడు. చివరికి అడగనే అడిగాడు.

"ఏ ఊరెల్తన్నారమ్మా, సుట్టాలింటికా?"

"కాదు, నాట్లు చూడ్డానికి."

"నాట్లు సూడ్డానికా?" ఆటో వేగం తగ్గిపోయింది. "మా ఆడోలు ఆ బురద నుంచి ఎప్పుడు బయటపడదామా అనుకుంతన్నారు. మీరు టికెట్టు కొనుక్కొని వొస్తన్నారేటి!"

"రానీ మావా, నీ సొమ్మేటి పోయింది" అన్నాడు సత్తిబాబు. ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు. ఈ వైపు వరసలు అలా వాటంతట అవే కలిసిపోతాయి.

పది గంటలకు కాలవగట్టు దగ్గర దిగి, పావుగంట పొలాల గట్ల మీద నడిచాం. రాత్రి కురిసిన వానకు గట్టు సబ్బులా ఉంది. నేను రెండుసార్లు జారాను, సత్తిబాబు నన్ను వదిలేసి మైకుల్ని పట్టుకున్నాడు. దూరం నుంచే నవ్వులు వినిపించాయి. నీళ్ళు పెట్టి దున్ని దమ్ము చేసిన పెద్ద మడిలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు, చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని, వంగి వెనక్కి వెనక్కి నడుస్తూ నాట్లు వేస్తున్నారు. నేను గట్టెక్కానో లేదో ఒకామె గబగబా వచ్చి నారు కట్ట ఒకటి నా కాళ్ళ దగ్గర పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఇక్కడి పద్ధతి అది. మడి దగ్గరకు కొత్త మనిషి వస్తే ఆ కట్ట దాటి ముందుకు పోకూడదు, జట్టుకు ఏదో ఒకటి ఇచ్చి దాటాలి. వంద కాగితం ఇస్తే కళ్ళకద్దుకుని, "టీ డబ్బులు మీవి, తాగడం మాది" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. గట్టు మీద నోటుపుస్తకం పట్టుకుని నిలబడిన తవిటమ్మ నన్ను చూసి పరుగెత్తుకు వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. నవ్వుతోంది గానీ భయపడుతోంది.

జట్టు పెద్ద పారమ్మకు అరవై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా, వెదురు కర్రలా ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసి, "సాంబారు అన్నాది ఈయమ్మేనేటి?" అని అడిగింది. ఔనన్నాను. "మంచి మాటే అన్నావు" అని మళ్ళీ వంగి పనిలో పడిపోయింది. నాకు ఇంతకంటే మంచి ప్రశంస ఏ పాఠకుడూ ఇవ్వలేదు.

సత్తిబాబు మడి నాలుగు మూలల్లో కర్రలు పాతి మైకులు కట్టి, వాటి మీద చిన్న గొడుగులు తగిలించాడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెయ్యి ఊపగానే తవిటమ్మ గట్టు మీద నుంచి ఎత్తుకుంది.

వంగినాదే వంగినాదే వదినా నడుము
వంగితేనే లెగుస్తాది వరికి నడుము
ఎనక్కెనక్కి నడిసినామే ఏడు మడులు
ఎదర ఎదర పరిసినామే ఏడు కోకలు

రెండో వరస, నాలుగో వరస జట్టు అందుకోవాలి. అందుకున్నారు. చరణం చివర 'ఓ...లమ్మా' అని ఒక సాగతీత, మళ్ళీ మొదటి మాట. ఇంత బాగుంటే పారమ్మకు ఇంకేం కావాలి అనుకున్నాను. మూడో చరణానికి వచ్చేసరికి ఏదో చెదిరింది. కొన్ని గొంతులు ఆలస్యంగా పడ్డాయి, కొన్ని అసలు పడలేదు. నాట్ల వరస మెట్లుమెట్లుగా వంకర పోయింది. పారమ్మ నడుం ఎత్తకుండానే, "ఆపే" అంది.

తవిటమ్మ ఆపింది. నిదానంగా పాడింది, కుదరలేదు. హుషారుగా పాడింది, ఇంకా అన్యాయం. పదాలు మార్చింది. "ఏటి తేడా అత్తా, సెప్పు" అని బతిమాలింది. పారమ్మ కూడా ఇబ్బంది పడింది. "సెప్పడానికి నాకూ తెల్దే. మంచి పాటే. పాడదామంటే సెయ్యి అడ్డమొస్తన్నాది, సెయ్యి సూసుకుంటే పాట ఎల్లిపోతన్నాది." ఆమెకు తెలియదు అనే మాట అబద్ధం కాదు. రోజూ నడిచేవాణ్ణి ఏ కాలు ముందు వేస్తావని అడిగితే ఆగిపోడూ, అలాంటిదే ఇది. ఈలోగా మడి ఆసామి వచ్చి ఆకాశం కేసి చూసి, "పారమ్మప్పా, మూడు దాటితే వాన వొస్తాది. మడి అవ్వాల" అని తల గోక్కున్నాడు. నాలుగోసారి కూడా చెదిరాక పారమ్మ తేల్చేసింది. "ఇంక ఒగ్గేయే. ఇటు పనీ అవ్వక, అటు పాటా అవ్వక. వాన పడకముందే ముగించాల. మాకు మా పాత పాటలున్నాయి."

తవిటమ్మ నోటుపుస్తకం మూసేసింది. ఏడవలేదు గానీ ముఖం చూడలేకపోయాను. సత్తిబాబు హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చి నా వైపు చూశాడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, బహుశా సాంబారు అని రాసిన నా మీదే.

ఒంటిగంటకు అన్నాలు. ఎవరి క్యారేజీ వాళ్ళు తెచ్చుకున్నారు గానీ తినడం మాత్రం అందరూ అందరిదీ. నాకు ఇక్కడివాళ్ళు చోడి అనే రాగుల అంబలి, పచ్చి ఉల్లిపాయ, వంకాయ ఎండురొయ్యల కూర, ఎవరో పెట్టిన ఆవపెట్టిన పనసపొట్టు. నా కంచంలో కూర తగ్గడమే తప్పు అన్నట్టు పెట్టారు. తవిటమ్మ తినడం లేదని పారమ్మ ముద్ద కలిపి ఆమె నోటి దగ్గర పెట్టింది. "పాట కోసం కూడు మానేస్తావేటే, ఎర్రిదానా" అంది. తిట్టులో ఉన్న ముద్దు అందరికీ వినిపించింది.

తిన్నాక మళ్ళీ మడిలో దిగారు. పాత పాటలు మొదలయ్యాయి. అందరూ కలిసి, అలవోకగా. నేను ఆగలేకపోయాను. నేనూ దిగుతానన్నాను. జట్టుకు పండగ దొరికింది. చీర ఎలా దోపాలో ఒకరు, పాదం ఎలా పెట్టాలో ఒకరు నేర్పారు. నారును ఇక్కడ ఆకు అంటారు. ఎడమచేతిలో ఆకు కట్ట, కుడిచేత్తో రెండు మూడు మొక్కలు విడదీసి, బొటనవేలితో బురదలోకి గుచ్చి, ఒకడుగు వెనక్కి. కట్ట అయిపోతే వెనక పడేసి ఉన్న ఇంకో కట్ట అందుకుని, ముడి విప్పి, మళ్ళీ మొదలు. వినడానికి చాలా సులువు. మొదటి కట్ట అయ్యేసరికి నా నడుం నాది కాదు. రెండో కట్ట అందుకున్నాను, ముడి ఊడిరాదే! తడి గడ్డితో బిగించి కట్టారు, గోళ్ళతో లాగుతున్నాను, పళ్ళు కొరుకుతున్నాను. ఆ సమయానికి పాట చరణం అయి 'ఓ...' అనే సాగతీతలో ఉంది. నా ముడి ఊడలేదు. 'ఓ...' ఆగలేదు. ఒకరి ఊపిరి అయిపోతే పక్కామె అందుకుంటోంది, ఆమెది అయిపోతే ఇంకొకరు. పద్నాలుగు మందీ నా చేతుల వైపే చూస్తూ, నవ్వు ఆపుకుంటూ 'ఓ...' అంటూనే ఉన్నారు. చివరికి ముడి ఊడింది. అదే క్షణంలో పారమ్మ తర్వాతి చరణం ఎత్తుకుంది.

గట్టు మీద తవిటమ్మ లేచి నిలబడింది. "అక్కా, మల్లీ!" అని అరిచింది.

"ఏమిటి మళ్ళీ?"

"కట్ట! ఇంకో కట్ట ఇప్పు, నాను సూడాల!"

విప్పాను. అంటే, విప్పడానికి ప్రయత్నించాను. మళ్ళీ అదే. నేను ఎంతసేపు అవస్థ పడితే పాట అంతసేపు గాలిలో నిలబడింది. తవిటమ్మ చెప్పులు గట్టు మీదే వదిలేసి, సల్వారు మోకాళ్ళ దాకా లాక్కుని బురదలో దబ్బున దిగింది. "అత్తా, ఎవులికి కట్ట ఆలీసం అయితే ఆల్ల కోసం ఆగతారేటి మీరు?"

"ఆగకపోతే? ఎనకబడ్డోలని మడిలో ఒగ్గేసి ఎల్తామేటే? సివరాకరు ముడి ఊడేదాక మిగతావోలు పాట పట్టుకోవాల." పారమ్మ అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. తర్వాత చేతిలో కట్ట అలాగే పట్టుకుని, ఒక్క నిమిషం ఆలోచించి, "ఓలమ్మో, నీ పాటలో అది నేదు కదే!" అంది.

విషయం అంతా అదే. తవిటమ్మ ఈ పాటలన్నీ చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని విన్నది. పదేళ్ళకే హాస్టలుకు వెళ్ళిపోయింది, మడిలో దిగి నాటింది లేదు. గట్టు మీది నుంచి వింటే ఆ 'ఓ...' అలంకారంలా వినిపిస్తుంది. మొదటి ఆల్బంలో స్టూడియో వాళ్ళు అది ఖాళీగా ఉందని నాలుగు దెబ్బలకు కత్తిరించేశారు. ఈసారి తవిటమ్మ దాన్ని పెంచి, లెక్కగా ఎనిమిది చేసింది. కానీ దానికి లెక్కే లేదు. ఆ రోజు మడిలో అందరికంటే నెమ్మదైన చెయ్యి ఎవరిదో, దాన్ని బట్టే దాని పొడుగు. ఆ రోజు ఆ చెయ్యి నాది. నా జీవితంలో నా చేతకానితనం ఇంత గొప్పగా ఎవరికీ ఉపయోగపడలేదు.

అప్పటికి రెండున్నర. మడిలో మూడోవంతు మిగిలింది, పడమట మబ్బు నల్లగా లేచింది. తవిటమ్మ బురదలో అత్త పక్కనే నిలబడి, చేతిలో కట్ట పట్టుకుని పాడతానంది. మూలల్లో ఉన్న మైకులకు అంత దూరం గొంతు సరిగ్గా అందదు. సత్తిబాబు నిట్టూర్చి, ప్యాంటు మడిచి, పొడుగు వెదురు కర్రకు మైకు కట్టి ఆమె తల మీద పట్టుకుని తనూ దిగాడు. వాళ్ళు వెనక్కి ఒక అడుగు వేస్తే ఆయనా వెనక్కి ఒక అడుగు. "ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్ని పెల్లిల్లో సేసినాను. ఏ పెల్లోడూ నన్ను బురదలో దింపలేదు" అని గొణిగాడు. "మాటాడకు బావా, మైకులో పడతాది" అని ఎవరో అన్నారు. నవ్వులు ఆగడానికి రెండు నిమిషాలు పట్టింది.

తవిటమ్మ ఎత్తుకుంది. వంగినాదే వంగినాదే వదినా నడుము. జట్టు అందుకుంది. వంగితేనే లెగుస్తాది వరికి నడుము. చరణం అయింది, కట్టలు అయిపోయాయి. నేను అప్పటికే గట్టెక్కేశాను కాబట్టి ఇప్పుడు అందరికంటే వెనకబడింది తవిటమ్మే. ఆమె వేళ్ళకు నోటుపుస్తకం తెలుసు గానీ గడ్డి ముడి తెలియదు. ఆమె ముడితో పెనుగులాడుతుంటే చుట్టూ పద్నాలుగు గొంతులు 'ఓ...' పట్టుకుని నిలబడ్డాయి. పారమ్మ గొంతు అన్నిటికంటే పైన, గట్టిగా, మేనకోడలి చేతులనే చూస్తూ. ఆమె ముడి విప్పి తలెత్తేసరికి కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా బురద, నవ్వు. రెండో చరణం ఆ గొంతుతోనే పాడింది. మూడో చరణానికి వరస తాడు కట్టినట్టు తిన్నగా వచ్చింది. నాలుగు, అయిదు, ఆరు. ఒక్కసారి కూడా ఎవరూ చెదరలేదు. మబ్బు మీదికి వచ్చేసినా ఎవరూ చూడలేదు. నేను గట్టు మీద కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను. ఎందుకని అడిగితే చెప్పలేను, సంతోషమే.

పాట సాగుతుండగానే ఇంకో చప్పుడు వినిపించింది. కాలవకు అవతల, వేరే ఊరి జట్టు ఒకటి పొద్దుటి నుంచి ఇంకో మడిలో నాటుతోంది. పొద్దుటి నుంచి నాలుగైదుసార్లు చెడిపోయిన పాట వాళ్ళకూ వినిపిస్తూనే ఉండి ఉంటుంది. వాళ్ళు రెండో వరస అందుకున్నారు. పిలవలేదు, చెప్పలేదు. ఇటు చరణం అయితే అటు అందుకుంటున్నారు. వాళ్ళ 'ఓ...' వాళ్ళ లెక్కలో వాళ్ళది. ఇక్కడ ముడి ఊడినా అక్కడ ఇంకా సాగుతోంది. సత్తిబాబు కంగారుగా హెడ్‌ఫోను నొక్కుకుని, మైకు కర్ర ఒకచేత్తో పట్టుకుని, ఆపమని రెండోచేత్తో కాలవ వైపు సైగలు చేయబోయాడు. తవిటమ్మ పాట ఆపకుండానే బురద చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. ఆ గొంతులు అలాగే ఉన్నాయి. ఆల్బంలో కూడా అలాగే ఉంటాయి.

మూడూ ఇరవైకి మడి అయింది, మూడున్నరకు వాన వచ్చింది. మైకులు గోనెసంచుల్లోకి, మేమందరం మోటారు షెడ్డు చూరు కిందికి. అవతలి జట్టు కూడా అక్కడికే పరుగెత్తుకొచ్చింది. తడిసిన ముప్పై మంది ఆడవాళ్ళు, ఒక సత్తిబాబు. పారమ్మ కొంగుతో తవిటమ్మ తల తుడిచింది. అవతలి జట్టులో పెద్దావిడ ఒకామె చలికి వణుకుతూనే కూనిరాగం తీస్తోంది. వంగితేనే లెగుస్తాది. నేను ఊరుకోలేక, "ఈ పాట మీకెలా తెలుసండీ?" అని అడిగాను.

"ఇదేటమ్మా, పాత పాటే" అందామె, నా అజ్ఞానానికి జాలిపడుతూ. "మాయమ్మ పాడీది. మా సిన్నప్పుడు ఉభాలప్పుడంతా ఇదే."

తవిటమ్మ ఆ పాట రాసి మూడు నెలలు కాలేదు. నోరు తెరవబోయిన సత్తిబాబు కాలు పారమ్మ తొక్కింది. "అవునే, పాతదే" అంది పారమ్మ, నెమ్మదిగా. "మాయమ్మ కూడా పాడీది." తవిటమ్మ అత్త భుజం మీద ముఖం దాచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు కనిపించలేదు.

సాయంత్రం అయిదుంబావుకు ఆటోలో స్టేషనుకు, ఆరు దాటాక వచ్చిన ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ పెట్టెలో విశాఖకు. కాలిగోళ్ళలో బురద నాలుగు రోజులు పోలేదు, నడుం నొప్పి వారం. నేను పాటలను ఇన్నేళ్ళుగా కుర్చీలో కూర్చుని, చెవులతో మార్కులు వేస్తూ వచ్చాను. ఆ రోజు విన్నది మాత్రం చేతులతో. మొదటి ఆల్బం గురించి నేను రాసింది తప్పు కాదు గానీ, అది ఎందుకు పలచనయిందో తెలియకుండా రాశాను. తెలిసి ఉంటే అంత వెటకారంగా రాసేదాన్ని కాదు. పారమ్మను కోరస్ జాబితాలో పేరు ఎలా వేయమంటారని సత్తిబాబు అడిగితే, పద్నాలుగు పేర్లూ వేయమంది. అవతలి జట్టు పేర్లు కూడా కనుక్కుని వేయమంది. తవిటమ్మ మరునాడే కాలవ దాటి వెళ్ళి వాళ్ళందరినీ అడిగి రాసుకొచ్చిందట.

మీరూ వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా. వానలు బాగా పడ్డాక, కాలవల్లో నీళ్ళు వదిలిన రెండు మూడు వారాల్లో వెళ్ళండి. ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి, బూట్లు వద్దు. గట్టు మీద అనుమతి అడిగి, వాళ్ళు రమ్మంటే మడిలోకి దిగండి. నాటడం రాదని సిగ్గుపడకండి, మీ ముడి ఊడేదాకా వాళ్ళు పాట పట్టుకునే ఉంటారు.